త్రోవలో ముగిసిన ప్రయాణము

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 15:36, యోహాను 12:24

సువార్త ప్రకటించిన పట్టణములకు మరల వెళ్లి అచ్చటి విశ్వాసులను చూచిరావలెనని పౌలు బర్నబాతో ఆలోచించిన సంగతి మనమెరుగుదుము. ఆ దినములనుండి నేటివరకు సంఘ కాపరులు కొద్దికాలము తమ మందను విడిచి, దూరమందున్న మిషను పనిని చూచుటకు వెళ్లుచునేయున్నారు. కొన్ని వారములలో తిరిగివచ్చువారివలన ప్రయోజనమేమని కొందరడుగుదురు. అది అడుగదగిన ప్రశ్నయే. దానికి జవాబుగా ఒక బాప్టిస్టు కాపరి జీవితమును ఈ మాసమున ధ్యానింతము.

జోసఫ్ డోక్ గారు 1861 నవంబరు 5వ తేదీన ఇంగ్లండు దేశములోని చడ్లీ అను ఊరిలో జన్మించిరి. తండ్రి అచ్చటి బాప్టిస్టు సంఘ కాపరి. బాలుడు బలహీన శరీరుడగుటచే బడిచదువు అంతగా సాగలేదు. పదునారేండ్ల వయస్సున తల్లి చనిపోయెను. మరుసటి యేట తండ్రి విరమింపగా, ఆ సంఘభారము పదునేడేండ్ల ఈ యౌవనునిపై పడెను. ఆయన అన్న కాంగో దేశమునకు మిషనరీగా వెళ్లి, అచ్చటనే ప్రాణము విడిచెను. ఆ దుఃఖముతోపాటు ఆఫ్రికాను గూర్చిన భారము కూడ ఆ యింట నిలిచిపోయెను.

డోక్ గారు దక్షిణాఫ్రికాలో కొంతకాలము పనిచేసి, 1886లో అచ్చటనే వివాహమాడిరి. పిమ్మట ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణమందును, 1894 మొదలు న్యూజీలాండులోని క్రైస్ట్ చర్చి పట్టణమందును కాపరత్వము చేసిరి. బ్రిస్టల్ లో ఉన్నప్పుడు ఐగుప్తు, పాలస్తీనా, ఇండియా దేశములను కూడ చూచివచ్చిరి. 1903లో మరల దక్షిణాఫ్రికా చేరి, 1907లో జొహానెస్ బర్గు పట్టణపు సంఘమునకు కాపరియైరి.

మన దేశస్థులు ఆయన పేరును మరువరాని కారణమొకటి కలదు. 1908 ఫిబ్రవరి 10వ తేదీన గాంధీగారు జొహానెస్ బర్గు వీధిలో దెబ్బలు తిని స్పృహ తప్పి పడిపోయిరి. డోక్ గారు ఆయనను తమ యింటికి చేర్పించి, తమ భార్యాబిడ్డలతో కలిసి ఉపచారము చేసిరి. కోలుకొనుచున్న గాంధీగారి కోరికపై కుమార్తె ఆలివ్ ఒక క్రైస్తవ కీర్తన పాడెను. నల్లవారిని యింట చేర్చుకొన్న కాపరిపై తెల్లవారి సంఘము అలుగవచ్చునని గాంధీగారే ఆయనను హెచ్చరించిరి. అయినను డోక్ గారు వెనుదీయలేదు. 1909లో గాంధీగారి జీవితచరిత్రను మొట్టమొదట వ్రాసి ప్రకటించినవారు ఈయనయే.

ఇప్పుడు ఆయన చివరి ప్రయాణమును చూతము. నేడు జాంబియా అనబడు దేశమున, కాంగో సరిహద్దు దాపున, లాంబా ప్రజల ప్రాంతము కలదు. 1905లో అచ్చట కఫులఫుటా అనుచోట ఒక చిన్న మిషను స్థాపింపబడెను. ఇరువదియైదు వేల చదరపు మైళ్ల పొలమునకు అదొక్కటే కేంద్రము. ఆ పనిని దక్షిణాఫ్రికా బాప్టిస్టులు చేపట్టగలరా అని తెలిసికొనుటకు, 1913 జూలైలో డోక్ గారు కుమారుడు క్లెమెంటుతో బయలుదేరిరి. అప్పటికి ఆయనకు ఏబదియొక్క సంవత్సరములు. దేహదారుఢ్యము లేనివారైనను, రైలు దిగిన పిమ్మట అడవిదారులను కాలినడకను సాగి, పల్లెలను, పనిని కన్నులార చూచిరి.

తిరుగు ప్రయాణమున కుమారుడు ఇంటికి సాగిపోగా, డోక్ గారు ఉంతాలి పట్టణమునకు వెళ్లిరి. అచ్చట సన్నిపాత జ్వరము తగిలి, ఆగష్టు 15వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. భార్య ఎదురుచూచుచున్న యింటికి ఆయన చేరలేదు. జ్ఞాపకార్థ కూటములో గాంధీగారును నిలువబడి మాటలాడిరి.

చూచివత్తునని వెళ్లి తిరిగిరాని ఈ ప్రయాణము వ్యర్థమా? ఆయన మరణమును తేలిక మాటలతో సరిపుచ్చరాదు. ఆ యింటి దుఃఖము నిజమైనది. అయినను పిమ్మట జరిగినది వినుడి. తండ్రితో నడచిన క్లెమెంటుగారు 1914లో మిషనరీగా ఆ లాంబా దేశమునకే తిరిగివెళ్లిరి. రెండేండ్లకు ఆలివమ్మగారును వెళ్లిరి. గాంధీగారి పడకదాపున పాడిన ఆ కంఠమే ఏబదియేండ్లకు పైగా లాంబా ప్రజల మధ్య సువార్త వినిపించెను. 1972లో ఆమె మరణించిరి. క్లెమెంటుగారు, ఆయన భార్య మలేరియా జ్వరముచే పీడింపబడి 1921లో ఆ స్థలము విడువవలసివచ్చినను, ఆ భాషను విడువలేదు. క్రొత్త నిబంధన ఆ యేటనే లాంబా భాషలో వెలువడెను. పరిశుద్ధ గ్రంథమంతయు 1959లో వెలువడెను.

కాబట్టి కొద్దివారముల ప్రయాణము పని ముగించుటకు కాదు, పనివారిని లేపుటకే. చూచివచ్చువాడు ఒకడైతే, వెళ్లి నిలుచువాడు మరియొకడు కావలెను. మన తెలుగు బాప్టిస్టు సంఘములవారును ఇది ఎరిగియుండిరి. 1903లో వారు పంపిన జాన్ రంగయ్యగారు నేటాలులోని చెరకు తోటల తెలుగు కూలీల మధ్య నిలిచి సంఘములు కట్టిరి.

మన కాపరి ఏదైన పొలమును చూచి తిరిగివచ్చినప్పుడు, దండవేసి కథవిని ఊరకుండిన చాలదు. అచ్చట ఏమి కొరతయున్నదని అడుగుదము. మన పిడికెడు బియ్యపు కానుకలో ఆ పనికి పాలు తీయుదము. అన్నిటికంటె కష్టమైనది, మన యింటి కుమారుడుగాని కుమార్తెగాని వెళ్లెదనన్నప్పుడు అడ్డుపడకుందము. భర్తను పోగొట్టుకొన్న ఆ తల్లి తన బిడ్డలను అదే త్రోవను పంపెను గదా.

ప్రార్థన: కోతకు యజమానుడవైన ప్రభువా, చూచువారికి కన్నులను, వినువారికి భారమును, నిలుచువారికి బలమును దయచేయుము. ఆమేన్.