బొమ్మలకు చలనమిచ్చిన రేనో

చలనచిత్ర చరిత్రలో చిరస్మరణీయుడైన ఎమీల్ రేనో 1844 డిసెంబరు 8న ఫ్రాన్సు దేశంలో, పారిస్ సమీపంలోని మోంత్రోయ్‌లో జన్మించాడు. తండ్రి యంత్రనిర్మాణంలోను, పతకాలు చెక్కడంలోను నేర్పరి. తల్లి చిత్రలేఖనంలో సిద్ధహస్తురాలు. ఆ దంపతుల పెంపకంలో రేనోకు శాస్త్రం, కళ రెండూ బాల్యంలోనే అలవడ్డాయి.

1877లో ఆయన ప్రాక్సినోస్కోప్ అనే సాధనాన్ని రూపొందించాడు. గుండ్రని పెట్టె లోపలి అంచున బొమ్మల పట్టీని, నడుమ అద్దాలను అమర్చి తిప్పితే, అద్దాలలోని ప్రతిబింబాలు సజీవంగా కదలుతున్నట్లు కనిపించేవి. అంతకుముందున్న జోట్రోప్‌లో సన్నని చీలికల గుండా చూడవలసి రావడంతో బొమ్మ మసకబారేది. రేనో అద్దాలు ఆ లోపాన్ని తొలగించాయి. 1878 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ సాధనం ప్రశంస పొందింది.

ఒకరిద్దరు చూసే ఆ వినోదాన్ని సభాసదులందరికీ అందించాలని రేనో సంకల్పించాడు. వందలాది బొమ్మలను స్వహస్తాలతో చిత్రించి, పొడవైన పట్టీగా కూర్చి, 1892 అక్టోబరు 28న పారిస్‌లోని గ్రెవాఁ మ్యూజియంలో తెరపై ప్రదర్శించాడు. 'పోవ్ర్ పియరో' అనే చిత్రానికే సుమారు 500 బొమ్మలు వేశాడు. ప్రదర్శనవేళ పట్టీని తానే చేతితో ముందుకు, వెనుకకు నడిపేవాడు. 1900 నాటికి దాదాపు 5 లక్షలమంది ఆ ప్రదర్శనలను తిలకించారు.

ఇంతలో 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు పారిస్‌లో తమ చలనచిత్రాలను ప్రదర్శించారు. కెమెరా క్షణాలలో పట్టే దృశ్యాలతో, నెలల తరబడి కుంచెతో తీర్చే బొమ్మలు పోటీపడలేకపోయాయి. 1900లో రేనో ప్రదర్శనలు నిలిచిపోయాయి. పేదరికం, నిరాశ ఆయనను క్రుంగదీశాయి. 1910 ప్రాంతంలో తన యంత్రాన్ని పగులగొట్టి, చిత్రాలలో అధికభాగాన్ని సేన్ నదిలో పారవేశాడు. 1918 జనవరి 9న ఈవ్రీలోని ఒక ఆశ్రయంలో కన్నుమూశాడు.

తెరపై ఆడిన ఆయన చిత్రాలలో 'పోవ్ర్ పియరో', 'ఓతూర్ దున్ కబీన్' అనే రెండే మిగిలాయి. పాత యానిమేషన్ చిత్రాల సేకర్తలకు ఇవి అపురూపమైనవి. ప్రతి బొమ్మలోను చిత్రకారుని చేతిజాడ కనిపించడం, నశించినవాటికి ఇవే గుర్తుగా నిలవడం అందుకు కారణాలు. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. రేనో తొలి ప్రదర్శన జరిగిన అక్టోబరు 28ని 2002 నుండి అంతర్జాతీయ యానిమేషన్ దినంగా జరుపుకొంటున్నారు.

నిరాశాక్షణంలో కళాకారుడు తన కృషిని వ్యర్థమనుకోవచ్చు. దాని విలువను నిర్ణయించేది మాత్రం కాలమే. అంతవరకు ఆ కృషిని కాపాడుకోవడం సమాజం బాధ్యత.