ముఖాన్ని తిరిగిచ్చిన వైద్యుడు: సుశ్రుత మహర్షి కథ

బోథ్‌లో అవుసలాయన దగ్గరైనా, హైదరాబాద్‌లో క్లినిక్‌లోనైనా, బిడ్డకు చెవులు కుట్టించడం మన ఇళ్లల్లో మామూలు వేడుకే. సుశ్రుత సంహితలో ఆ చెవులు కుట్టే అధ్యాయంలోనే, తెగిపోయిన ముక్కును మళ్లీ నిలబెట్టే పద్ధతి కూడా ఉందని తెలుసా?

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని సంహిత చెప్తుంది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం వాడని చాలామంది అంటారు. ఇప్పుడు మనకున్న గ్రంథంలో తర్వాతివాళ్ల చేర్పులూ ఉన్నాయి. రోగాలతో బాధపడే జనాన్ని చూసి తట్టుకోలేక, ఆయన తోటి శిష్యులతో కలిసి కాశీరాజు దివోదాసును ఆశ్రయించాడు. ఆ రాజును సాక్షాత్తూ ధన్వంతరిగా కొలుస్తారు. అందరి తరఫునా ప్రశ్నలు అడిగే బాధ్యత సుశ్రుతునికే అప్పగించారు. పేరుకు అర్థం కూడా అదే, బాగా విన్నవాడు.

కానీ వింటే సరిపోదు, చెయ్యి తిరగాలి. అందుకే శిష్యులు ముందు సొరకాయ, దోసకాయల మీద కోతలు నేర్చుకోవాలి. బట్ట అంచుల మీద, మెత్తని తోలు మీద కుట్లు వేయాలి. బొమ్మలకు కట్లు కట్టాలి. చదువు, చేతిపని రెండూ ఉంటేనే వైద్యుడు, ఒక్క రెక్కతో పక్షి ఎగరదు కదా!

ఆ రోజుల్లో ముక్కు కోయడం శిక్ష. గాయం మానినా అవమానం మానదు. సుశ్రుతుని పద్ధతిలో ముందు ఒక ఆకును ముక్కు కొలతకు కత్తిరిస్తారు. ఆ కొలతతో చెంప చర్మాన్ని కోస్తారు, కానీ ఒక పక్క పూర్తిగా తెంపరు. ఎందుకంటే అటునుంచి రక్తం అందుతుంటేనే ఆ చర్మం బతుకుతుంది. దాన్ని ముక్కు చోట అతికి, ఊపిరాడటానికి రెండు గొట్టాలు పెడతారు. అతిమధురం లాంటి మందుల పొడి చల్లి, తెల్లని దూది కప్పి, నువ్వుల నూనెతో తడుపుతూ ఉంటారు.

ఈ విద్య పుస్తకంలోనే ఆగిపోలేదు. టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో పట్టుబడి ముక్కు పోగొట్టుకున్న కవాస్జీ అనే బండివానికి, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేశాడు. 1794లో లండన్ పత్రికలో ఆ వార్త వచ్చింది. అది తెలుసుకున్న జోసెఫ్ కార్ప్యూ 1814లో అక్కడ అదే ఆపరేషన్ చేశాడు. ఒక పక్క అతికి ఉంచి చర్మాన్ని మళ్లించే ఆ సూత్రం ఇప్పటికీ ప్లాస్టిక్ సర్జన్లు వాడుతున్నారు.

అన్నీ మనవాళ్లే కనిపెట్టారని షేర్ చేసి ఊరుకుంటే ఆ మహర్షిని గౌరవించినట్టు కాదు. పుండు మానడానికి 60 రకాల ఉపచారాలు చెప్పిన ఆయన, ముందు గాయం శుభ్రం కావాలన్నాడు. కాబట్టి లోతుగా తెగితే పసుపు అద్ది కూర్చోకండి. శుభ్రమైన నీళ్లతో కడిగి, వెంటనే దవాఖానకు పోండి. ధన్వంతరికి దండం పెట్టుకోవడం దారిలో కూడా చేయొచ్చు.

ఓం ధన్వంతరయే నమః.