మన చెట్లకు లాటిన్ పేర్లు పెట్టిన సామర్లకోట డాక్టరు

తపసి చెట్టు చూపించమంటే ఒక ఊళ్లో ఒకటి, ఇంకో ఊళ్లో వేరొకటి చూపిస్తారు. ఒకటి జిగురు ఇచ్చే తపసి. రెండోదాన్ని కొన్నిచోట్ల నెమలినార అంటారు, దానికి ఆ జిగురు రాదు. జిగురు కోసం మొక్కలు పెంచే రైతు పేరు నమ్మి రెండోది తెచ్చుకుంటే ఏళ్ల శ్రమ పోయినట్టే. శాస్త్రీయ నామం చూస్తే ఈ చిక్కు ఉండదు. జిగురు తపసి స్టెర్క్యులియా యురెన్స్, నెమలినార హోలోప్టీలియా ఇంటెగ్రిఫోలియా. ఈ రెండింటిలోనూ రెండో మాట పెట్టింది విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లాండ్‌లో పుట్టారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా 1776లో మద్రాసు వచ్చారు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నారు. చేసేది వైద్యం, మనసంతా మొక్కల మీదే. అక్కడే తోట వేసి మిరియాలు, కాఫీ పెంచి చూశారు. రాజమండ్రి ప్రాంతంలో రైతులు చెరకు ఎలా పండిస్తారో రాసిపెట్టారు. ఒకసారి వరదలో పుస్తకాలు, సేకరించిన మొక్కలు పోయినా మళ్లీ మొదలుపెట్టారు. కరువు చూసి, కొబ్బరి, పనస లాంటివి విరివిగా నాటించాలని కంపెనీకి సూచించారు.

స్థానిక చిత్రకారుల చేత ప్రతి మొక్కనూ గీయించి, పక్కన దాని తెలుగు పేరు కూడా రాసేవారు. ఆ తెలుగు కొన్ని లాటిన్ పేర్లలోకీ చేరింది. సండ్ర చెట్టుకు ఆయన పెట్టిన మాట సుంద్రా. సోమిద చెట్టుకు ఫెబ్రిఫ్యూగా అన్నారు, అంటే జ్వరాన్ని తరిమేది. దాని బెరడును జ్వరానికి వాడొచ్చని ఆయన ఆశ. తర్వాతి శాస్త్రవేత్తలు ముందు సోయ్‌మిడా అని చేర్చారు. అది మన సోమిదే.

మిగతా పేర్లు చెట్టు గుణాన్ని చెబుతాయి. యురెన్స్ అంటే మంట పుట్టించేది, తపసి కాయల మీది నూగు గుచ్చుకుని మండుతుంది. ఇంటెగ్రిఫోలియా అంటే అంచున కోతలు లేని ఆకు. ఎదిగిన నెమలినార ఆకు అలాగే ఉంటుంది. బీడీ ఆకు తునికికి మెలనోక్సైలాన్, అంటే నల్ల కర్ర. జిట్టేగికి లాటిఫోలియా, వెడల్పు ఆకు. గుగ్గిలం చెట్టు దగ్గర మాత్రం ఆయన దారి తప్పారనిపిస్తుంది. గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరిట షోరియా అన్నారు. దాంతో చెట్టు గురించి రైతుకు తెలిసేదేమీ లేదు. రోబస్టా అనే రెండో మాటే నయం, దృఢమైనదని అర్థం.

1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లి, 1813 వరకు అక్కడే పనిచేశారు. గీయించిన బొమ్మలు 2,500 దాటాయి. 1815లో ఎడిన్‌బరోలో చనిపోయారు. భారతదేశపు మొక్కలపై రాసిన పెద్ద గ్రంథం ఆ తర్వాతే అచ్చయింది.

పాత పుస్తకాల్లో నెమలినార అల్మస్ ఇంటెగ్రిఫోలియాగా కనిపిస్తుంది. మొదటి మాట మారినా, రెండోది చాలావరకు నిలుస్తుంది. కాబట్టి నర్సరీలో మొక్కలు కొనేటప్పుడు రసీదు మీద రెండు మాటలూ రాయించుకోండి.