సారె త్రొక్కలేని కుమ్మరి - జోసయా వెడ్జ్‌వుడ్ జీవితం

ఉగాది పచ్చడికి కొత్త కుండ కొనే అలవాటును మనవాళ్లు ఏ రాష్ట్రానికి వలస వెళ్లినా విడిచిపెట్టలేదు. కుండ కొనేటప్పుడు మనమందరం వేలితో కొట్టి మోత వింటాము, మూతి గుండ్రంగా ఉన్నదో లేదో చూస్తాము, ఆపైన ధర అడుగుతాము. కొనేవాడు చూసే ఈ సంగతులన్నీ చేసేవాడు ముందుగానే ఆలోచించి, దానికి తగినట్లు వస్తువు రూపాన్ని నిర్ణయించడాన్నే నేడు పారిశ్రామిక రూపకల్పన అంటున్నారు. పెద్ద కంపెనీలలో దీనికొక ప్రత్యేక శాఖ ఉంటుంది. ఆ పేరు పుట్టక పూర్వమే, రెండువందల యాభై యేండ్ల క్రిందట, ఇంగ్లండులో ఒక కుమ్మరి కొడుకు దానిని తన వ్యాపారానికి మూలస్తంభంగా చేసుకున్నాడు. ఆయనే జోసయా వెడ్జ్‌వుడ్.

స్టాఫర్డ్‌షైర్‌లోని బర్స్‌లెం అనే ఊళ్లో 1730లో ఆయన జన్మించాడు. తాతముత్తాతల నాటినుంచి ఆ యింటివారిది కుండల వృత్తి. 1739లో తండ్రి చనిపోగా, తొమ్మిదేండ్ల పసివాడు బడి మాని ఇంటి కార్ఖానాలో పనికి దిగాడు. కొంతకాలానికి మశూచి సోకింది. ప్రాణం దక్కింది గాని కుడి మోకాలు చెడిపోయింది. ఆ దేశపు కుమ్మరి సారెను కాలితో త్రొక్కి తిప్పాలి. కాలు సహకరించని కుమ్మరికి సారె ముందు చోటు లేదు. మరొకడైతే నిరాశ చెంది ఉండేవాడు. ఈ బాలుడు మాత్రం ఏ మట్టిలో ఏది కలిపితే ఏ రంగు వస్తుంది, ఏ పూత ఎంత వేడికి నిలుస్తుంది, ఏ ఆకారం చేతికి అనువుగా ఉంటుంది అనే ఆలోచనలో పడ్డాడు.

1754లో థామస్ వీల్డన్ అనే పేరుపొందిన కుమ్మరితో భాగస్వామిగా చేరాడు. 1759లో సొంతంగా పని ప్రారంభించాడు. తన ప్రయోగాలన్నిటినీ పరులకు అర్థం కాకుండా సంకేతాలతో పుస్తకంలో వ్రాసుకునేవాడు. ఆ రోజులలో ధనవంతులు చైనా పింగాణి వాడేవారు. సామాన్యుల కంచాలు మొరటుగా ఉండేవి. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీని ఆయన గమనించాడు. ఎన్నో ప్రయత్నాల మీదట మీగడ రంగుతో, నున్నగా, తేలికగా, వేడి తేనీటికి చెక్కుచెదరకుండా ఉండే పాత్రలను తయారుచేశాడు. అచ్చులలో పోయటంవల్ల పళ్లెాలన్నీ ఒకే కొలతలో వచ్చేవి. కొన్నిటిని లివర్‌పూల్ పంపి, రాగి రేకుమీద చెక్కిన బొమ్మలను కాగితం ద్వారా వాటిమీదకు అద్దించేవాడు. చిత్రకారుడు ఒక్కొక్క పళ్లెం మీద గంటల తరబడి కూర్చోవలసిన అవసరం తప్పింది.

1765లో షార్లట్ రాణిగారు ఆయనవద్ద తేనీటి పాత్రలు చేయించుకున్నారు. ఆ తరువాత ఆ మీగడ రంగు సరుకుకు రాణిగారి పాత్రలనే పేరు వచ్చింది. రాణి వాడినది ప్రభువులు కోరుతారు, ప్రభువులు వాడినది మధ్యతరగతివారు కోరుతారు. ఈ రహస్యం ఆయనకు బాగా తెలుసు. అందుచేత కొత్త రకం పూలపాత్రలను ముందు పెద్దలకు ఎక్కువ ధరకు అమ్మి, పేరు వచ్చిన తరువాత తక్కువ ధరకు పదిమందికీ అందించేవాడు.

ఇంతటి వ్యాపారం ఒక్కడివల్ల అయ్యేది కాదు. 1762లో కాలికి దెబ్బ తగిలి లివర్‌పూల్‌లో మంచం పట్టినప్పుడు ఆయనకు థామస్ బెంట్లీ అనే వర్తకుడితో స్నేహం కలిసింది. బెంట్లీ చదువుకున్నవాడు, లోకజ్ఞానం కలవాడు. తరువాత భాగస్వామియై లండనులో ఉండి, కొనేవారి అభిరుచులు కనిపెట్టి వ్రాస్తూ ఉంటే, వెడ్జ్‌వుడ్ ఆ ప్రకారం నమూనాలు మార్చేవాడు. లండను అంగడిలో పాత్రలను గుట్టలుగా పోయక, బల్లలమీద విందుకు వడ్డించబోతున్నట్లు అమర్చేవారు.

కుమ్మరికొక యేడు, గుదియకొక పెట్టు అని మన సామెత. గూడ్సు ఆఫీసులో బ్రేకేజి క్లెయిములు చూసే నాబోటివారికి దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఆ కాలంలో పాత్రలను గంపలలో పెట్టి గుర్రాల వీపుమీద గోతుల బాటల వెంట తోలేవారు. దారిలో పగిలిపోయేది కొంత, కిరాయి క్రింద పోయేది కొంత. ఎంత చక్కని రూపమిచ్చినా, కొనేవాని ఇంటికి ముక్కలై చేరితే ప్రయోజనమేమి? అందుచేత ట్రెంట్, మెర్సీ నదులను కలిపే కాలువకోసం ఆయన అందరినీ కూడగట్టాడు. 1766లో పార్లమెంటు చట్టం చేసింది. ఆయనే కోశాధికారి, మొదటి గడ్డ త్రవ్వినదీ ఆయనే. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు రూపొందించిన ఆ కాలువ 1777లో పూర్తి అయినది. కాలువ రాబోయే దారి ప్రక్కనే ఎట్రూరియా అనే కొత్త కార్ఖానా కట్టాడు. త్రోవలో పగిలిన సరుకుకు బదులు సరుకు ఇచ్చే పద్ధతి కూడ పెట్టాడు.

ఇంతలో బాధపెట్టే మోకాలు మరింత ముదిరింది. 1768లో మత్తుమందు లేకుండానే వైద్యులు ఆ కాలు తీసివేశారు. మత్తుమందు శస్త్రచికిత్సలలో వాడుకలోకి వచ్చింది 1840 తరువాతనే. కొయ్యకాలితో లేచి, మరుసటి సంవత్సరం 1769 జూన్ 13న ఎట్రూరియాను ప్రారంభించాడు. ఆ రోజున ఆరు పూలపాత్రలను తన చేతులతో తానే మలిచాడు. చక్రం త్రిప్పినవాడు బెంట్లీ.

1772లో దేశమంతటా వ్యాపారం కుంటుపడింది. సరుకు గిడ్డంగిలో పేరుకుపోయింది. వెడ్జ్‌వుడ్ ఖాతాలు ముందు పెట్టుకుని, ఒక్కొక్క పాత్రకు మట్టి ఎంత, కూలి ఎంత, బొగ్గు ఎంత, అద్దె ఎంత అని లెక్క కట్టాడు. అప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, పెద్ద గుమాస్తా డబ్బు అపహరిస్తున్నాడు. రెండవది, ఒక అచ్చుతో ఎక్కువ పాత్రలు చేసినకొద్దీ ఒక్కొక్కదానికి పడే ఖర్చు తగ్గుతుంది. ఆనాటినుంచి నమూనా ఎంచేటప్పుడు అందంతోపాటు ఖర్చునూ లెక్కలోకి తీసుకునేవాడు.

తరువాత వేలకొలది ప్రయోగాలు చేసి జాస్పర్ అనే కొత్తరకం గట్టి మట్టిని సాధించాడు. నీలిరంగు నేలమీద తెల్లని బొమ్మలు తేలే ఆ పాత్రలకు జాన్ ఫ్లాక్స్‌మన్ వంటి శిల్పులు నమూనాలు ఇచ్చారు. 1774లో రష్యా రాణి కాథరిన్ కోసం చేసిన విందు పాత్రలు 952. ఆవము లోపలి వేడిని కొలిచే సాధనం కనిపెట్టినందుకు 1783లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

ఈ కీర్తికి మరొక వైపు కూడ ఉన్నది. పూర్వం కుమ్మరి మట్టి పిసకడం మొదలు ఆవము దించడం వరకు అన్నీ తానే చేసేవాడు. ఎట్రూరియాలో ఒకడు అచ్చు పోస్తే, మరొకడు పిడి అతికిస్తే, ఇంకొకడు పూత ముంచేవాడు. గంట కొట్టగానే హాజరు కావాలి, తప్పితే జరిమానా. పనివారికి ఇండ్లు కట్టించాడు, రోగాలకు సహాయనిధి పెట్టాడు, నిజమే. కాని రూపం నిర్ణయించే హక్కు వేలమంది కుమ్మరుల చేతులనుంచి ఒక్కని బల్లమీదకు చేరింది. ఈ సంగతి మరచి పొగడడం న్యాయం కాదు.

ఆయనలో నాకు అన్నిటికంటె పెద్దదిగా తోచేది 1787లో చేసిన చిన్న బిళ్ల. సంకెళ్లతో మోకరిల్లిన నీగ్రో బానిస బొమ్మ దానిమీద ఉన్నది. బానిస వ్యాపారాన్ని రద్దు చేయాలని పోరాడే సంఘానికి వాటిని సొంత ఖర్చుతో చేయించి ఉచితంగా పంచాడు. స్త్రీలు దానిని కంకణాలలో, తలపిన్నులలో పొదిగించుకున్నారు. రాణిగారి పాత్రలను ఇంటింటికీ చేర్చిన ఉపాయమే ఆ మాటనూ ఇంటింటికీ చేర్చింది. బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. దానిని చూడకుండానే ఆయన 1795 జనవరి 3న మరణించాడు. ఆయన కూతురి కొడుకే జగత్ప్రసిద్ధుడైన చార్లెస్ డార్విన్.

ఆయన స్థాపించిన కంపెనీ అనేక తరాలు నిలిచి, 2009లో అప్పులపాలై పరుల చేతికి పోయింది. పాత కీర్తి ఒక్కటే ఎల్లకాలం వ్యాపారాన్ని మోయలేదని దీనివల్ల తెలుస్తున్నది. మన సంఘంలో చిన్న దుకాణాలు, చిన్న కార్ఖానాలు నడిపే సోదరులు ఎందరో ఉన్నారు. సరుకుకు రూపం చివర అద్దే రంగు కాదు. ముడిసరుకు, ఖర్చు, రవాణా, కొనేవాని చేయి, అన్నీ కలిపి మొదట చేయవలసిన ఆలోచన. కాలు పోగొట్టుకున్న కుమ్మరి తన జీవితమంతా చేసి చూపినది ఇదే.