నిజాం పసుపు రోల్స్ రాయిస్: వాట్సాప్ కథ వేరు, అసలు కథ వేరు

హైదరాబాద్ వెళ్లిన కోనసీమ కుటుంబాలు చార్మినార్, మక్కా మసీదు చూసుకుని, అటు నుంచి అటే చౌమహల్లా ప్యాలెస్‌కి కూడా వెళ్తుంటాయి. అక్కడ పెద్దవాళ్లు దర్బార్ హాలు చూస్తుంటే పిల్లలు మాత్రం ఒక పసుపు రంగు కారు దగ్గర నిలబడిపోతారు. అది రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. వెనక సీటు సీటులా ఉండదు, సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆ సింహాసనం మీద కూర్చునే హక్కు ఒక్కరికే. ఆయనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

నిజానికి ఆ కారు ఆర్డర్ ఇచ్చింది ఆయన కాదు, వాలిద్ మహబూబ్ అలీ ఖాన్. 1911లో ఇంగ్లండ్‌కి ఆర్డర్ వెళ్లింది. అదే ఏడాది ఆగస్టు 29న మహబూబ్ అలీ ఇంతెకాల్ అయ్యారు. బండి తయారై హైదరాబాద్ చేరేసరికి గద్దె మీద కొడుకు ఉన్నాడు. 1886లో పుట్టిన ఉస్మాన్ అలీకి గద్దె ఎక్కేనాటికి పాతికేళ్లు.

ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారు అమ్మేది కాదు. ఇంజను, ఛాసిస్ వరకే వాళ్లది. పై బాడీ కొనేవాళ్లు వేరే చోట కట్టించుకోవాలి. నిజాం బండికి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. పసుపు రంగు ఎందుకంటే అది అసఫ్‌జాహీల జెండా రంగు. ఇక ఇంజను సంగతి. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు పైనే. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లకు ఒక లీటరు, ఒకటిన్నర లీటరు ఉంటే ఎక్కువ. చప్పుడు లేకుండా దయ్యంలా జారిపోతుందని ఘోస్ట్ అన్నారు. అలాగని నెమ్మది బండి అనుకోవద్దు. 1911లోనే ఈ మోడల్ కారు ఒకటి లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లి తిరిగొచ్చింది, అదీ టాప్ గేరు మార్చకుండా. తర్వాత బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 78 మైళ్లు, అంటే సుమారు 125 కిలోమీటర్లు అందుకుంది. సెల్ఫ్ స్టార్టర్ ఇంకా రాలేదు. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పితేనే ఇంజను లేచేది.

ఇంత బండి తిరిగింది ఎంత? కొన్ని వందల మైళ్లే. ఊరేగింపులకు, దర్బారు వేడుకలకు బయటకు తీయడం, మళ్లీ లోపల పెట్టేయడం. అమలాపురం నుంచి హైదరాబాద్‌కి ఒకసారి పోయొస్తే అంతకంటే ఎక్కువ దూరం అయిపోతుందేమో.

ఉస్మాన్ అలీ మనిషే అలాంటివాడు. 1937 ఫిబ్రవరిలో అమెరికా టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన ఫొటోను ముఖచిత్రంగా వేసింది. 184 క్యారెట్ల జాకబ్ వజ్రం తండ్రి పాత బూటులో దొరికితే దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడంటారు. ఒంటి మీద మాత్రం వెలిసిపోయిన షేర్వానీ, పాత టోపీ. నోట్లో చవక రకం చార్మినార్ సిగరెట్. రోజూ తిరగడానికి ఒక పాత బండి. ఊళ్లో ఎవరి దగ్గరైనా మంచి కారు కనిపిస్తే దాన్ని నజరానాగా తెప్పించుకునేవాడని కూడా చెప్పుకుంటారు. అలా వచ్చినవాటిలో చాలా వరకు గ్యారేజీలో దుమ్ము పట్టాయట.

ఇక్కడే వాట్సాప్ కథ సంగతి చెప్పాలి. లండన్ షోరూంలో అవమానం జరిగిందని, కోపమొచ్చి రోల్స్ రాయిస్‌లు కొని హైదరాబాద్‌లో చెత్త ఎత్తడానికి పెట్టారని, చక్రాల ముందు చీపుర్లు కట్టిన ఫొటోతో సహా తిరుగుతుంది. మన గ్రూపుల్లో నెలకోసారైనా వస్తుంది. సరిగ్గా ఇదే కథ అల్వార్ మహారాజు పేరుతోనూ ఉంది, ఇంకొందరు రాజుల పేర్లతోనూ ఉంది. నిజాం విషయంలో దీనికి గట్టి ఆధారం ఒక్కటీ లేదు. ఆయన గొప్పతనం చెప్పడానికి ఇలాంటి కథ అవసరం కూడా లేదు.

ఎందుకంటే చేసిన పనులు కళ్ల ముందే ఉన్నాయి. 1908 మూసీ వరద వేలమందిని మింగేసింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్లానుతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. డిగ్రీ చదువు ఇంగ్లిష్‌లోనే చెప్పాలనుకునే కాలంలో అక్కడ సైన్సుతో సహా ఉర్దూలో చెప్పారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, నిజాం సాగర్ కూడా ఆయన హయాంలోవే.

బస్సుల సంగతి మనకు ఇంకా దగ్గర. 1932 జూన్‌లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు అవి. సింహాసనం కారు ఒక్కడి కోసం వచ్చింది, ఈ ఆల్బియన్లు జనం కోసం వచ్చాయి. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం ఉస్మాన్ అలీ తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు. 1932లో కోనసీమ నిజాం రాజ్యంలో లేదు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. మన రాజమండ్రి సర్కారును 1766లోనే నిజాం అలీ ఖాన్ ఇంగ్లిష్ కంపెనీకి ఒడంబడిక రాసిచ్చేశాడు. 1958లో ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడ్డాక గానీ ఆ సంస్థ వారసత్వం గోదావరి దాటి ఇటు రాలేదు. అమలాపురం బస్టాండులో నిలబడి బస్సు నంబరు చూసేవాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

అంతా మంచే అని రాస్తే అది చరిత్ర కాదు. నిజాం సొంత ఆస్తిలో పెద్ద భాగం సర్ఫ్-ఎ-ఖాస్ భూములు. అక్కడ పండించిన రైతు కష్టం మీదే ఆ ఖజానా నిండింది. తెలంగాణ పల్లెల్లో దొరల వెట్టిని ఆయన ప్రభుత్వం ఆపలేకపోయింది. 1947 తర్వాత రజాకార్లను అదుపు చేయలేకపోయాడు, లేదా చేయలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న అంతా ముగిసింది. ఆ తర్వాతి వారాల్లో మూల్యం చెల్లించింది ప్యాలెస్ కాదు, జిల్లాల్లోని సామాన్య ముస్లింలు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని సుందర్‌లాల్ కమిటీ లెక్క కట్టింది. నిజాం మాత్రం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా కొనసాగాడు.

ఇంకో ఫార్వర్డ్ కూడా ఉంది. 1965 యుద్ధ సమయంలో దేశానికి 5 టన్నుల బంగారం దానం చేశాడని. లెక్కల్లో ఉన్నది వేరు. 425 కిలోల బంగారం నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో పెట్టాడు, ఆరున్నర శాతం వడ్డీకి. దానం వేరు, పెట్టుబడి వేరు. ఖాతా పుస్తకంలో రెండూ ఒకే చోట రాయరు కదా. అయినా దేశానికి విదేశీ మారకం కరువైన రోజుల్లో 425 కిలోలు బయటకు తీయడం చిన్న విషయమేమీ కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఆయన పరువు ఏమీ తగ్గదు. పన్నెండింతలు చేసి చెప్తేనే వినేవాడు మిగతాది కూడా నమ్మడు.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఉస్మాన్ అలీ ఖాన్ ఇంతెకాల్ అయ్యారు. జనాజా వెంట నడిచిన జనంతో హైదరాబాద్ వీధులు నిండిపోయాయి. ఎదురుగానే ఉన్న మస్జిద్-ఎ-జూదీలో, తల్లి ఖబర్ పక్కన దఫన్ చేశారు.

వారసత్వం కొడుక్కి కాకుండా మనవడు ముకర్రం జాకి వచ్చింది. దాంతోపాటు 14 వేలకు పైగా సిబ్బంది, ఆశ్రితులు, కోర్టు కేసులు, ఒక గ్యారేజీ నిండా కార్లు. వాటిలో నడిచేవి కొన్నే, ఖర్చు మాత్రం అన్నిటికీ రాసేవారు. ముకర్రం జాకి ఇంజన్లంటే పిచ్చి, చేతులకు గ్రీజు అంటించుకుని తనే విప్పి బిగించేవాడు. అయినా అన్ని బండ్లూ ఆయన ఒక్కడి వల్ల అయ్యేవి కావు. సింహాసనం కారు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. కుటుంబం చౌమహల్లాను బాగు చేయించాక బండికి కూడా మరమ్మతులు జరిగాయి. ఇప్పుడు టికెట్ కొన్నవాళ్లెవరైనా ఎదురుగా నిలబడి చూడొచ్చు, లోపల కూర్చోవడానికి మాత్రం వీల్లేదు.