కోనసముద్రపు కొలిమి కడ డాక్టరు వాయ్సీ

హెన్రీ వెస్లీ వాయ్సీ వృత్తిచే వైద్యుడు, అభిరుచిచే భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1818 ప్రాంతమున నితడు కర్నలు లాంబ్టన్ నడుపుచుండిన మహా త్రికోణమితి సర్వేలో నియమింపబడెను. తక్కినవారు కొండ శిఖరములపై దృష్టి నిలుపగా, ఇతడు పాదముల క్రింది రాళ్లను పరీక్షించెను. 1819లో కృష్ణా గోదావరుల నడిమి యడవులలో సర్వేవారు విషజ్వరముల పాలైరి, వాయ్సీయు జ్వరపీడితుడయ్యెను. అయినను పని విడువలేదు.

ఆ సంచారములలో నితడు కోరుట్లకు అనతిదూరముననున్న కోనసముద్రమును దర్శించెను. ఈ పల్లె నేడు నిజామాబాదు జిల్లాలోనిది. కత్తులకై యిచటి యుక్కును కొనుటకు పారసీక దేశమందలి ఇస్ఫహాను నుండి వర్తకులు వచ్చుచుండిరి. వాయ్సీ కొలిమి కడ నిలిచి చూచినదెల్ల వ్రాసికొనెను. కమ్మరులు రెండు జాతుల యినుమును మట్టిమూసలో నుంచి, వంతులవారిగా తిత్తులూది కరగించుచుండిరి. చల్లారిన యుక్కు బిళ్ల మిక్కిలి పెళుసు. అందుచే దానికి మట్టి పూసి, పండ్రెండు మొదలు పదునాఱు గంటలు కాచి చల్లార్చుచు, మూడు నాలుగు పర్యాయము లట్లే చేయుచుండిరి. అప్పుడు గాని యది సమ్మెటకు లొంగదు.

దీనికి కారణము ఆనాడు తెలియదు. 1863 మొదలు షెఫీల్డు నగరమున సార్బీ యను పండితుడు ఉక్కును నునుపుచేసి, ఆమ్లముతో తడిపి, సూక్ష్మదర్శినిలో చూచెను. ఆ మార్గమున సాగిన పరిశోధనల వలన రహస్యము తేటపడినది. కర్బన మధికముగా నున్న యుక్కు మెల్లగా చల్లారునపుడు, ఇనుమును కర్బనమును కలసిన సిమెంటైటు అను పెళుసు పదార్థము రేణువుల యంచులవెంట వలవలె నల్లుకొనును. దెబ్బ తగిలినచో పగులు ఆ వలనే దారిగా గొని పరుగెత్తును. పలుమారులు కాచుటచే వల తెగి, విడివిడి గుండ్లుగా మాఱును. పగులునకు ఎడతెగని దారి దొరకదు. కోనసముద్రపు కమ్మరులు సూక్ష్మదర్శిని లేకయే, చేతి యనుభవముతో దీనిని సాధించిరి.

1824 ఏప్రిల్ 19న కలకత్తాకు పోవుచు వాయ్సీ మార్గమధ్యమున మరణించెను. అతని వ్రాత 1832లో గాని అచ్చుకాలేదు. తరువాత నా కొలుములును ఆరిపోయెను. విద్యార్థులారా, చదువుకొన్న వైద్యుడు కమ్మరి పనిని తక్కువగా నెంచి పోయియుండినచో, మన పొరుగూరి విద్య యీ మాత్రమైనను మనకు దక్కియుండునా?