గ్రంథాలయోద్ధారకుడు ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండు దేశము సంపదయందును, వర్తకమునందును అగ్రస్థానము వహించియుండెను. యంత్రశాలలును, ధూమశకటములును ఆ దేశపు వైభవమును చాటుచుండెను. కాని కూలిచేసి బ్రదుకు సామాన్యుడు ఒక మంచి గ్రంథమును చదువగోరినచో, అతనికి ఉచితముగా తలుపు తెరచు గ్రంథాలయము దాదాపు లేకుండెను. ఈ కొరతను అంకెలతో నిరూపించి, శాసనము పుట్టుటకు తోడ్పడిన మహనీయుడు ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్.

ఆయన 1812వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ఇండ్లు కట్టు మేస్త్రి. ఎడ్వర్డ్స్ కూడ చిన్నతనమున తండ్రి కడ తాపీపని నేర్చుకొనెను. కళాశాలలో చదువు భాగ్యము ఆయనకు లభింపలేదు. అయినను పట్టుదలతో స్వయముగా చదువుకొని పండితుడయ్యెను. 1836లో పార్లమెంటు సంఘమొకటి బ్రిటిష్ మ్యూజియము స్థితిగతులను విచారించినపుడు, ఇరువది మూడేండ్ల ఈ యువకుడు దాని యెదుట సాక్ష్యమిచ్చి పెద్దల దృష్టి నాకర్షించెను. 1839లో ఆ మ్యూజియమునందే ఆయనకు చిన్న ఉద్యోగము దొరకెను. గ్రంథముల పట్టికను కూర్చు నియమములను రచించిన వారిలో ఆయన యొకడు.

పట్టికలు వ్రాయుచుండగా ఎడ్వర్డ్స్ మనస్సును ఒక ప్రశ్న వేధించెను. ఇతర దేశములలోని ప్రజలకు ఎన్ని గ్రంథములు అందుబాటులో నున్నవి? తన దేశ ప్రజలకు ఎన్ని యున్నవి? ఊహపై ఆధారపడక, ఆయన ఐరోపా, అమెరికా ఖండములలోని గ్రంథాలయముల వివరములను ఓపికతో సేకరించెను. పెద్ద నగరమున పెక్కు గ్రంథములుండుట వింత కాదు. కావున గ్రంథముల మొత్తమును మాత్రమే చూచిన నిజము తెలియదు. అందుచే ఆయన గ్రంథసంఖ్యను జనసంఖ్యతో పోల్చి, నూరుగురు పౌరులకు ఎన్ని సంపుటములు వచ్చునో గణించెను. అట్లు చూడగా మహానగరమైన లండను, దానికంటె ఎంతో చిన్నవైన మ్యూనిక్, డ్రెస్డెన్ నగరములకు వెనుకబడియుండెను. గ్రంథములున్నంత మాత్రమున చాలదు. వాని కడకు పోవుటకు ఎవరికి అనుమతి కలదో కూడ చూడవలెనని ఆయన గుర్తించెను. ఈ పరిశోధనను 1848లో లండను గణాంకశాస్త్ర సంఘమునకు సమర్పించెను.

విలియం ఎవార్ట్ అను పార్లమెంటు సభ్యుడు దీనిని చదివి, 1849లో ఒక విచారణసంఘమును ఏర్పాటు చేయించెను. ఎడ్వర్డ్స్ అందు ముఖ్యసాక్షి. ఆ సంఘపు నివేదికలోని అంకెలు చదువరులను తలవంచుకొనజేసెను. ఫ్రాన్సులో 107, ప్రష్యాలో 44, చిన్నదేశమైన బెల్జియములో 14 ప్రజాగ్రంథాలయములుండగా, బ్రిటనునందు అందరికిని స్వేచ్ఛగా ప్రవేశము గలది మాంచెస్టరునందలి చెతాము గ్రంథాలయ మొక్కటియే!

ఎడ్వర్డ్స్ లెక్కలకు ఆక్షేపణలు లేకపోలేదు. మ్యూజియమునందలి సహోద్యోగి థామస్ వాట్స్ వానిలోని తప్పులను పత్రికాముఖమున ఎత్తిచూపెను. లెక్కించు పద్ధతి దేశదేశమునకు వేరగుటచే అట్టి పోలిక కష్టసాధ్యము. కొన్ని అంకెలు సవరింపదగినవే. కాని సామాన్యునకు గ్రంథములు అందుటలేదన్న ప్రధానసత్యమును ఎవరును కాదనలేకపోయిరి.

1850 ఆగస్టునందు ప్రజాగ్రంథాలయ శాసనము అమలులోనికి వచ్చెను. పదివేలకు మించిన జనసంఖ్య గల పట్టణములు గ్రంథాలయమునకై పౌనుకు అరపెన్నీ చొప్పున పన్ను విధింపవచ్చును. అయితే ఆ ధనముతో భవనము కట్టవచ్చునే గాని గ్రంథములు కొనరాదు! ఈ లోపము 1855లో తొలగెను. పన్ను ఒక పెన్నీకి పెరిగెను. మాంచెస్టరు పౌరులలో 3,962 మంది గ్రంథాలయమునకు అనుకూలముగను, 40 మంది మాత్రమే ప్రతికూలముగను ఓటు వేసిరి. 1852 సెప్టెంబరు 2వ తేదీన జరిగిన ప్రారంభోత్సవమునకు చార్లెస్ డికెన్స్, థాకరే వంటి రచయితలు విచ్చేసిరి. ఎడ్వర్డ్స్ ఆ గ్రంథాలయమునకు ప్రథమాధికారి అయ్యెను.

ఆయన కార్యదీక్ష గొప్పది; కాని ఇతరులతో సర్దుకొనిపోవు నేర్పు తక్కువ. అందువలన 1850లో మ్యూజియము ఉద్యోగమును, 1858లో మాంచెస్టరు పదవిని కోల్పోయెను. అయినను కలమును విడువలేదు. 1859లో గ్రంథాలయముల చరిత్రను రెండు సంపుటములుగా ప్రకటించెను. వార్ధక్యమున ఆక్స్‌ఫర్డునందు పట్టికలు వ్రాయుచు కాలము గడపెను. 1883లో ప్రభుత్వము ఏడాదికి 80 పౌనుల భృతి నొసగెను. 1886 ఫిబ్రవరి 7వ తేదీన వైట్ ద్వీపమునందలి నైటన్ గ్రామమున ఆయన పేదరికముననే కన్నుమూసెను. పదునారేండ్ల పిమ్మట, 1902లో, థామస్ గ్రీన్‌వుడ్ అను గ్రంథాలయాభిమాని ఆయన సమాధిపై స్మారకశిల నిలిపి, జీవితచరిత్రను వ్రాసెను.

గ్రంథాలయమునకై ప్రజలు పన్ను చెల్లించి, దాని ఫలమును అందరును సమానముగ అనుభవించు పద్ధతి క్రమముగా ఇతర దేశములకును వ్యాపించెను. 1924లో ఇంగ్లండునకు పోయి అచ్చటి గ్రంథాలయములను పరిశీలించిన రంగనాథన్ కృషి ఫలితముగా 1948లో మద్రాసు రాష్ట్రమునందును, తరువాత 1960లో ఆంధ్రప్రదేశమునందును గ్రంథాలయ శాసనములు వెలసెను. తాపీమేస్త్రి కుమారుడు ఓపికతో కూర్చిన అంకెలు రాళ్లవలె ఒకదానిపై నొకటి నిలిచి, ఎందరో బీదలకు విద్యామందిరములైనవి. నిజమును శ్రమపడి లెక్కించి లోకమునకు చూపుట కూడ దేశసేవయే.